రామోజీ, లక్ష్మోజీ: కంచెర్ల గోపన్న కథ

ఖమ్మము నుండి సత్తుపల్లికి పోవు త్రోవలో కల్లూరు ఉన్నది. ఆ త్రోవను దాటి తూర్పునకు, ఈశాన్యమునకు సాగినకొలది పైరుపొలములు పలుచబడి అడవి చిక్కనగును. ఆ అడవి కడపట గోదావరి. గోదావరి యొడ్డున భద్రగిరి. ఈ సీమలోనేమి, తెలుగునాట మరెచ్చటనేమి, కవల మగబిడ్డలు పుట్టిన యింట పెద్దలు పేర్ల కొరకు వెదకుకొననక్కర లేదు. రామలక్ష్మణులను జంట సిద్ధముగనే యుండును. ఒకనిని రాముడని పిలిచి రెండవవానికి పొత్తులేని పేరు పెట్టినచో వినువారి చెవికి వెలితిగా తోచును. ఇట్టి చెవిగల జనులే కంచెర్ల గోపన్న కథను మూడు వందల యేండ్లకు పైగా చెప్పుకొనుచున్నారు. ఆ కథలో ఆయువుపట్టు వంటి ఘట్టమున ఇద్దరన్నదమ్ములకు వారు పెట్టిన పేర్లు రామోజీ, లక్ష్మోజీ. ఆ రెండు పేర్ల వెనుక ఒక మనుష్యుని జీవితమంతయు ఉన్నది.

గోపన్న పదునేడవ శతాబ్దమువాడు. ఖమ్మము జిల్లాలోని నేలకొండపల్లి ఆయన స్వగ్రామము. తండ్రి లింగన్న మంత్రి, తల్లి కామాంబ. గోలకొండ సుల్తాను అబుల్ హసన్ కుతుబ్ షాహ్ కొలువులో పేరుగాంచిన అక్కన్న, మాదన్న సోదరులు ఆయనకు మేనమామలని ప్రతీతి. తానీషా అను పేరుతో జనులెరిగిన ఆ సుల్తాను 1672లో గద్దెనెక్కెను. 1674లో మాదన్న ప్రధానియయ్యెను; అక్కన్నకును గొప్ప అధికారము లభించెను. మేనమామల ప్రాపకమున గోపన్న పాల్వంచ పరగణాకు తహసీలుదారై వచ్చెను. భద్రగిరి ఆ పరగణాలోనిదే.

అప్పటికి భద్రగిరిపై స్వామికి గుడి లేదు. పోకల దమ్మక్క యను భక్తురాలు పుట్టలో వెలసిన మూర్తులను కనుగొని, తాటాకుల పందిరి వేసి, అడవిలో దొరకిన పండ్లు నివేదించుచుండెనని స్థలపురాణము. నాలుగు భుజములు గల రాముడు, ఆయన యంకమున సీత, ప్రక్కన లక్ష్మణుడు. గోపన్న చూచిన మూర్తులు ఇవి. చూచినది మొదలు ఆయన మనస్సు శిస్తు లెక్కలపై నిలువలేదు. ఆలయము కట్టవలెనను తలంపుతో మొదట జనులను చందాలడిగెను. అవి చాలలేదు. చేతిలో సర్కారు పైకముండెను. పనివారు ఎదుట నిలిచియుండిరి. ఆయన ఆ పైకమును వెచ్చించెను. మొత్తము ఆరు లక్షలని కథ చెప్పును.

ఇచ్చట గోపన్న జీవితము రెండుగా చీలినది. భక్తుని దృష్టిలో ఆ ధనము దేవునికి చేరినది. సర్కారు దృష్టిలో ఖజానాకు చేరవలసిన సొమ్ము చేరలేదు. రెండును నిజములే. కనుకనే మేనమామలు మంత్రులై యుండియు మేనల్లుని కాపాడలేకపోయిరి. గోపన్నను గోలకొండ దుర్గమున చెరసాలలో వేసిరి. ఆ చెర పండ్రెండేండ్లని సంప్రదాయము. పూర్వజన్మమున ఒక చిలుకను పండ్రెండేండ్లు పంజరమున బంధించిన పాపఫలమే ఇదియని కథకులు కారణము కూడ చెప్పుదురు.

రామదాసు కీర్తనలలో పెక్కింటికి ఆ చెరసాలయే పుట్టినిల్లని జనుల నమ్మకము. వానిలో ప్రార్థన గలదు, అలుక గలదు, తుదకు దేవునితో లెక్కలు తేల్చుకొనుట కూడ గలదు. ఒక కీర్తనలో ఆయన చేయించిన నగలన్నింటిని ఏకరువు పెట్టెను. భరతునికి పచ్చల పతకము, శత్రుఘ్నునికి బంగారు మొలత్రాడు, లక్ష్మణునికి ముత్యాల పతకము, సీతమ్మకు చింతాకు పతకము, రామునికి కలికితురాయి. ఏ తమ్ముని మరువలేదు, ఎవరికి చేయించినది మరియొకరికి అంటగట్టలేదు. రాముని ఒంటరిగా తలచుట గోపన్నకు తెలియదు. తమ్ములతో కూడిన వాడే ఆయన రాముడు.

ఇక కథలోని ఆయువుపట్టు. ఒక రాత్రి తానీషా శయనమందిరమునకు ఇద్దరు యువకులు వచ్చిరట. గోపన్న పక్షమున బాకీ తీర్చ వచ్చితిమని చెప్పి, ఆరు లక్షలు కుప్పవోసి, రసీదు పుచ్చుకొని పోయిరట. పేర్లడుగగా రామోజీ, లక్ష్మోజీ అని చెప్పిరట.

ఈ పేర్లు పెట్టిన అజ్ఞాత కథకుల నేర్పును గమనింపవలెను. ఆ కాలమున దక్కను కొలువులలో మరాఠా ఉద్యోగులు, సైనికులు మిక్కుటముగ నుండిరి. 1677లో శివాజీయే గోలకొండకు వచ్చెను. ఆయన సోదరుడు ఏకోజీ తంజావూరు నేలెను. కనుక అర్ధరాత్రమున సుల్తాను ఎదుట నిలుచు కొలువుకాండ్రకు ఆ తీరు పేర్లు సహజముగ అమరును. రామయ్య, లచ్చయ్య అని యుండినచో వారు పల్లె రైతులుగా తోచెడివారు. రామలక్ష్మణులని యుండినచో మారువేషమే లేదు. ఒకడు రామోజీ, వేరొకడు లక్ష్మయ్య అయినచో అన్నదమ్ములన్న నమ్మకమే చెడును. రెండు పేర్లకును ఒకే తోక తగిలించుటచే సోదరత్వము నిలిచినది. తల మార్చకుండుటచే వినువారికి గుట్టు తెలిసినది. మోసపోయినవాడు సుల్తాను ఒక్కడే.

మన పురాణకర్తలకు ఈ మర్మము క్రొత్త కాదు. సుందుడు, ఉపసుందుడు అనునప్పుడు ఒక పేరు నుండి రెండవది పుట్టినది. వారు ఒకే స్త్రీకై పోరాడి ఒకేసారి నశించిరి. కుశలవుల పేర్లు రెండును ఒకే దర్భ నుండి వచ్చినవి. జయవిజయుల పేర్లలో ఒకే ధాతువు ధ్వనించును. పేరు వినుటతోడనే తోబుట్టువులని తెలియవలెను. అయినను ఇద్దరిని వేరుచేయు గుర్తు ఉండవలెను.

మరునాడు గోపన్న విడుదలయ్యెను. పేర్లు వినినంతనే వచ్చినవారెవరో ఆయనకు తెలిసెనట. ఆయన దుఃఖము అప్పుడే మిన్నుముట్టెను. పండ్రెండేండ్లు పిలిచిన తనకు కనబడనివారు, పిలువని తానీషాకు కనబడిరి. ఈ బాధ లేనిచో రామదాసు కథ ఒక మహిమగా మాత్రమే మిగిలెడిది.

చరిత్రలోని అన్నదమ్ముల గతి వేరు. అక్కన్న మాదన్నలు 1686లో గోలకొండలో హత్యకు గురియైరి. మరుసటి యేడు దుర్గము ఔరంగజేబు వశమయ్యెను. తానీషాను దౌలతాబాదు కోటలో బంధించిరి. 1699లో చనిపోవువరకు, రమారమి పండ్రెండేండ్లు, అచ్చటనే యుండెను. గోపన్నను చెరలో నుంచిన ప్రభువు తానును అంతకాలము చెరననుభవించెను. అయినను ఆయన పేరిట మొదలైనదని చెప్పు ముత్యాల తలంబ్రాల ఆచారము నిలిచినది. నేటికిని శ్రీరామనవమి కళ్యాణమునకు తెలంగాణ ప్రభుత్వము వానిని భద్రాద్రికి పంపుచున్నది.

గోపన్న దాశరథీ శతకమును వ్రాసి తన తండ్రి పేరును అందులో నిలిపెను. తరువాతి కాలమున త్యాగరాజు తన ప్రహ్లాద భక్తి విజయమున ఆయనను స్మరించెను. భద్రాద్రి సీమలో మాత్రము జనులు ఆయన ఋణము వేరొక తీరున తీర్చుకొనుచున్నారు. కథ చెప్పునపుడు సుల్తాను ఎదుట నిలిచిన ఇద్దరి పేర్లను విడదీయరు. రామోజీ అని చెప్పి ఊపిరి తీయక ముందే లక్ష్మోజీ అందురు. అన్నను తమ్ముని నుండి వేరుచేయకుండుట వారు గోపన్న వద్ద నేర్చినదే.