డెబ్బై రెండో ఏట దక్కిన పట్టా

మన సంఘ సభ్యుల్లో పరీక్ష గండం దాటకుండా సర్కారు కొలువులో చేరినవారు బహు కొద్దిమంది. చేరడానికి సర్వీసు కమిషన్ పరీక్ష, చేరాక ప్రమోషన్ కోసం డిపార్ట్‌మెంటల్ టెస్టులు. అకౌంట్ టెస్టు అనగానే ఇప్పటికీ కొందరు మిత్రులకు చెమటలు పడతాయి. పరీక్ష పెట్టి ఉద్యోగులను ఎంపిక చేసే ఈ పద్ధతిని అందరికంటే ముందు, అందరికంటే ఎక్కువ కాలం నడిపినవారు చైనా చక్రవర్తులు. సుయ్ వంశకాలంలో, క్రీ.శ. 605 ప్రాంతాల్లో మొదలైన ఆ పరీక్షలు 1905లో రద్దయ్యాయి. అంటే సుమారు 1300 ఏళ్లు. ఆ పరీక్షల్లో నెగ్గి మంత్రులైనవారి చరిత్రలు చాలా ఉన్నాయి. నేను మాత్రం నెగ్గనివాని గురించి రాయదలచాను. ఆయన పేరు పు సోంగ్‌లింగ్.

ఆయన 1640లో షాన్‌డాంగ్ రాష్ట్రం జిచువాన్ జిల్లాలోని ఒక పల్లెలో పుట్టారు. తండ్రి చదువుకున్నవాడే గాని, పరీక్షలు కలిసిరాక వ్యాపారంలో దిగినవాడు. కొడుకులకు తానే చదువు చెప్పాడు. 1658లో, పంతొమ్మిదో ఏట, పు సోంగ్‌లింగ్ మొదటి మెట్టు పరీక్షకు కూర్చుని జిల్లా, మండలం, రాష్ట్రం మూడింటా మొదటివాడుగా వచ్చారు. పేపరు దిద్దిన విద్యాధికారి షీ రున్‌జాంగ్ స్వయంగా పేరున్న కవి. ఈ కుర్రవాని వ్యాసం కథలాగా నడవడం చూసి ముచ్చటపడి మెచ్చుకున్నాడు. ఆ మెచ్చుకోలే ఆయన కొంప ముంచిందేమోనని నాకు అనిపిస్తుంది. తరువాతి పరీక్షాధికారులకు కథలు అక్కరలేదు.

ఆ మొదటి మెట్టు ఎక్కితే గౌరవం వస్తుంది, ఉద్యోగం రాదు. ఉద్యోగానికి అర్హత రావాలంటే రాష్ట్ర రాజధాని జినాన్‌లో మూడేళ్లకొకసారి జరిగే పరీక్షలో నెగ్గాలి. ఆ పరీక్ష ఎట్లా ఉండేదో కొంచెం చెప్పాలి. గేటు దగ్గర ఒళ్లంతా తడిమి చూసి లోపలికి పంపేవారు. ఒక్కొక్కరికి ఒక్కొక్క ఇరుకు గది. వంటసామగ్రి, పరుపు, సిరా, కుంచె అన్నీ ఎవరివి వారే మోసుకుపోవాలి. మూడు దఫాలుగా పరీక్ష; ప్రతి దఫాకూ రెండు రాత్రులు ఆ గదిలోనే. వ్యాసానికి ఎనిమిది అంగాల కట్టుదిట్టమైన చట్రం ఉండేది. ఇక మనబోటి గుమాస్తాలు మెచ్చవలసిన సంగతి ఒకటుంది. అభ్యర్థి దస్తూరి చూసి ఎవరిదో పోల్చుకుంటారని, పేరు కనబడకుండా అంటించి, ప్రతి పేపరునూ రాతగాళ్ల చేత ఎర్రసిరాతో తిరగరాయించి ఆ ప్రతినే దిద్దేవారు. పక్షపాతం లేకుండా అంత జాగ్రత్త తీసుకున్నారు. అయినా దిద్దేవాని అభిరుచికి ఏ జాగ్రత్తా అడ్డుపడలేదు.

పు సోంగ్‌లింగ్ మళ్లీ మళ్లీ వెళ్లారు, మళ్లీ మళ్లీ తప్పారు. ఈలోగా ఇంట్లో అన్నదమ్ముల పంపకాలు జరిగాయి. తోడికోడళ్ల తగవుల వల్ల వచ్చిన పంపకాలు అవి. మంచి ఇళ్లు మిగతావారికి పోగా, ఈయన వాటాకు సరిగా గోడలైనా లేని మూడు గదుల పాత పొలం ఇల్లు, ఇరవై మూ ల భూమి వచ్చాయి. మూ అంటే మన ఎకరంలో ఆరోవంతు. భార్య లియూ ఆ వాటాకు పేచీ పెట్టలేదు. పిల్లలను పెట్టుకుని ఆ ఇంటిని నిలబెట్టింది ఆమే.

1670లో స్నేహితుడొకరు దక్షిణాన బావోయింగ్ జిల్లాకు అధికారిగా ఉంటే, ఆయన దగ్గర ఉత్తరాలు, ప్రకటనలు, నివేదికలు రాసిపెట్టే పనికి కుదిరారు. సంతకం మరొకరిది, రాత ఈయనది! సుమారు ఏడాదికే ఆ పని మాని ఇంటికొచ్చారు. తరువాత 1679 నుంచి ముప్పై ఏళ్లపాటు షీపు గ్రామంలో బి వంశీయుల ఇంట్లో పిల్లలకు చదువు చెప్పారు. ఆ ఇంట మంచి గ్రంథాలయం ఉండేది, ఆదరణ ఉండేది. సొంత ఇంటికి మాత్రం ఏడాదికి కొద్దిసార్లే వెళ్లేవారు.

1687లో జరిగినది చదివితే మనసు కలుక్కుమంటుంది. ప్రశ్న చూడగానే ఉత్సాహం పొంగి, వేగంగా రాసుకుపోతూ మధ్యలో ఒక పుట ఖాళీగా వదిలేశారు. చట్రం తప్పింది కాబట్టి పేపరు కొట్టివేశారు. 1690లో మొదటి దఫా బాగా రాసినా రెండో దఫాలో పక్కన పెట్టారు. యాభై దాటాక భార్య ఇక చాలునని చెప్పింది. అదృష్టం ఉంటే ఈపాటికి మంత్రే అయి ఉండేవారనీ, పల్లెలోనూ సుఖం ఉందనీ ఆమె వాదన. ఆమె మాట నిజమని ఒప్పుకుంటూనే ఆయన ఆశ వదలలేకపోయారు.

రాత్రిపూట రాసుకున్నవి మాత్రం వేరు. నక్కలు ఆడవాళ్లుగా మారడం, దయ్యాలు కాపురాలు చేయడం వంటి కథలు సుమారు 500. వాటిలో పరీక్షల కథలూ ఉన్నాయి. ఒకదానిలో, తాను చనిపోయానని తెలియని పండితుడు శిష్యుణ్ణి నెగ్గించి, తానూ నెగ్గి, ఇంటికొచ్చి తన శవపేటిక చూసుకుంటాడు. మరొకదానిలో గుడ్డి సన్యాసి ఒకడు వ్యాసాలను కాల్చిన బూడిద వాసన చూసి మంచిచెడ్డలు చెబుతాడు. చివరికి, దిద్దే అధికారులకు కళ్లే కాదు ముక్కూ లేదని తేలుస్తాడు. దారినపోయేవారికి టీ ఇచ్చి ఈ కథలు సేకరించారని ఒక ప్రచారం ఉంది గాని, పండితులు దాన్ని నమ్మరు. బడిపంతులుకు అంత తీరిక ఎక్కడిది? ఇవిగాక రైతులకు పంటలు, పట్టుపురుగుల గురించి, పల్లెజనానికి వాడుక మాటల గురించి పుస్తకాలు రాశారు.

1711 చలికాలంలో, డెబ్బై రెండో ఏట, చింగ్‌జౌకు ప్రయాణం చేసి, ఒక పట్టా సంపాదించారు. అది నెగ్గినవారికిచ్చేది కాదు. సీనియారిటీని బట్టి వచ్చేది. దానితోపాటు ఇంటి ముందు జెండా, నామఫలకం, కొంత వెండి ఇవ్వాలని రూలు. జిల్లా కచేరీ ఇవ్వలేదు. ఆయన అర్జీల మీద అర్జీలు పెట్టారు. అవి ఆయన రచనల సంపుటాల్లో నేటికీ ఉన్నాయి. బకాయిల కోసం ఆఫీసు మెట్లెక్కి దిగిన మనలో ఎవరికైనా వాటి ధోరణి కొత్తగా అనిపించదు.

1713లో కొడుకు ఒక చిత్రకారుణ్ణి రప్పించి, ఆ పట్టాకు తగిన దుస్తుల్లో తండ్రి బొమ్మ వేయించాడు. ఆ దుస్తులు తన ఇష్టం కాదనీ, రాబోయే తరాలు నవ్వుతాయేమోననీ ఆయన ఆ బొమ్మ మీదనే రాసిపెట్టారు. అదే ఏడు భార్య పోయింది. 1715 ఆరంభంలో ఆయనా పోయారు.

అచ్చు వేయించే స్తోమత లేక కథలు చేతిరాతలోనే ఉండిపోయాయి. జనం ఒకరి దగ్గర ఒకరు తెచ్చుకుని నకళ్లు రాసుకునేవారు. 1766లో, అంటే ఆయన పోయిన 51 ఏళ్లకు, అచ్చయ్యాయి. 1880లో ఇంగ్లీషులోకి వెళ్లాయి. ఆయన సొంత దస్తూరితో ఉన్న ప్రతిలో సగం మాత్రమే మిగిలింది. దాన్ని ల్యావోనింగ్ రాష్ట్ర గ్రంథాలయంలో భద్రపరిచారు.