పాత దోస్తు, కొత్త తోవ: సారిపుత్తుని జీవితం



దీక్ష తీసుకున్నాక తాండూరులో ఉన్నా వికారాబాద్‌లో ఉన్నా మీకు ఒక చిక్కు వచ్చే ఉంటది. చిన్ననాటి దోస్తు జాతరకు రమ్మంటడు. అదే ఆదివారం కొత్త మిత్రులు వందనకు పిలుస్తరు. ఒకరి దిక్కు పోతే ఇంకొకరికి దూరమైనట్టే అనిపిస్తది. ఈ పరీక్ష సారిపుత్తునికీ ఎదురైంది. ఆయన ఏం చేశాడో చూడండి.

ఆయన అసలు పేరు ఉపతిస్సుడు. రాజగృహం దగ్గరి ఊరు. పక్క ఊరి కోలితుడు బాల్య స్నేహితుడు. ఆయనే తర్వాత మొగ్గల్లానుడు. ఇద్దరూ ఒకసారి కొండ జాతర చూస్తూ, ఈ ఆడేవాళ్లూ చూసేవాళ్లూ కొన్నేళ్లకు ఉండరు కదా అనుకున్నారు. ఇల్లు విడిచి సంజయుడనే గురువు దగ్గర చేరారు. అక్కడ మనసు నిండలేదు. సత్యం ముందు ఎవరికి దొరికినా రెండోవాళ్లకు చెప్పాలని మాట ఇచ్చుకున్నారు.

ఒకరోజు రాజగృహంలో భిక్షకు వచ్చిన అస్సజిని ఉపతిస్సుడు చూశాడు. ఆ నెమ్మది ఆయన్ను పట్టేసింది. భిక్ష ముగిసేదాకా ఆగి అడిగాడు. ప్రతి దానికీ కారణం ఉంటుందని, కారణం ఆగితే అదీ ఆగుతుందని బుద్ధుని బోధ సారం విన్నాడు. కొత్త మిత్రుడు దొరికాడు. అయినా ముందు కోలితుని దగ్గరికే పోయి మాట నిలబెట్టుకున్నాడు.

ఇద్దరూ సంజయుణ్ణి కూడా పిలిచారు. ఆయన రానన్నాడు. గుంజలేదు, తిట్టలేదు, ఆయన కోసం ఆగిపోనూ లేదు. వేళువనానికి నడిచారు. వీరి దీక్షను బాబాసాహెబ్ తన బౌద్ధ గ్రంథంలో రాశారు.

అగ్రశిష్యుడయ్యాక కూడా సారిపుత్తుడు, అస్సజి ఏ దిక్కున ఉంటే ఆ దిక్కుకు మొక్కి పడుకునేవాడని బౌద్ధ గ్రంథాలు చెబుతాయి. రాధుడనే పేద ముసలాయనకు ఎవరూ దీక్ష ఇవ్వకపోతే, ఆయన ఒకనాడు పెట్టిన గరిటెడు అన్నం గుర్తుచేసుకుని శిష్యునిగా తీసుకున్నాడు. తన తోవను ఒప్పుకోని తల్లి దగ్గరికి చివరి రోజుల్లో తానే పోయి, ధమ్మం చెప్పి, పుట్టిన ఇంట్లోనే కన్నుమూశాడు. 1851లో సాంచిలో ఒకే స్తూపంలో ఆ ఇద్దరు స్నేహితుల ధాతువులు దొరికాయి. ఇంగ్లండ్ పోయిన ఆ ధాతువులు 1952లో తిరిగి సాంచి చేరాయి.

మీరూ అట్లనే చేయండి. జాతరలో మొక్కను, తాగను అని దోస్తుకు నెమ్మదిగా చెప్పండి. ఒకసారి విహారానికి పిలవండి. రాకుంటే అలగకండి. అతని ఇంట్ల పెళ్లైనా చావైనా ముందు మీరే ఉండండి. తోవలు వేరైతే కొంత దూరం తప్పదు. కానీ చేసిన మేలు మరవకుండా ఉండటం మన చేతిలోనే ఉంది.

భవతు సబ్బ మంగళం.