దోర్నకల్లు బిషప్పు అజరయ్యగారు

వరంగల్లునుండి విజయవాడకు రైలులో పోవువారు దోర్నకల్లు కూడలిని చూచియేయుందురు. ఆ ఊరి పెద్ద దేవాలయము 1939 జనవరి 6వ తేదీన ప్రతిష్ఠింపబడినది. క్రైస్తవ, హిందూ, మహమ్మదీయ శిల్పరీతులు మూడును దానియందు కలిసియున్నవి. దానిని కట్టించిన వేదనాయకము శామ్యూలు అజరయ్యగారిని గూర్చి మేమిచ్చట కొంత చెప్పదలచితిమి.

తెనుగువారు తమవాడని చెప్పుకొను ఈ మహనీయుడు జన్మచే తమిళుడు. తిరునల్వేలి ప్రాంతమున వెల్లాలన్‌విళై గ్రామములో 1874 ఆగస్టు 17న ఒక గ్రామగురువు కుమారుడుగా జన్మించిరి. చెన్నపురి క్రైస్తవ కళాశాలలో చదివి, 1895 మొదలు వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా ఊరూర తిరిగిరి. యాఫ్నా తమిళ క్రైస్తవులు స్వంత ధనముతో సువార్తికులను పంపుట చూచి, మనకేల ఇది చేతకాదని సిగ్గుపడి, 1903లో స్వజనులతో తిరునల్వేలి భారత మిషనెరీ సంఘమును స్థాపించిరి. ఇతరులను పంపుటతో తృప్తినొందక 1909లో ఉద్యోగము వదలి, అభిషేకము పొంది, తామే దోర్నకల్లు వచ్చి తెలుగు నేర్చిరి.

1910లో ఎడింబరో మహాసభయందు, దొరలు దానధర్మములు చేసిరిగాని భారతీయులతో స్నేహము చేయలేదని వారు నిర్భయముగా పలికిరి. కొందరు మిక్కిలి కోపించిరి. అయినను 1912 డిసెంబరు 29న కలకత్తాలో వారు ఆంగ్లికను సంఘమునకు మొదటి భారతీయ బిషప్పుగా ప్రతిష్ఠింపబడిరి.

నికయా సభ క్రీ.శ. 325లో జరిగెనని మేము తరగతిలో చెప్పునపుడు, ఆ పాతకాలపు వాదములు మనకేలనని బాలురు అడుగుచుందురు. సమాధానము దోర్నకల్లు పల్లెలలోనే కలదు. అచ్చట బాప్తిస్మము పొందినవారిలో మాలలును మాదిగలును పెక్కురు. వారు తరతరములుగా ఒకరి ఇంట నొకరు నీరు ముట్టనివారు. ఒకే బల్లయొద్ద, ఒకే పాత్రనుండి ప్రభుభోజనము పుచ్చుకొనవలెనని బిషప్పుగారు పట్టుపట్టిరి. అట్టివారిని కలుపుచు, బోధకులు మాత్రము ఐరోపానుండి తెచ్చిన తగవులచేత వేరువేరు బల్లలయొద్ద కూర్చుండుట వారికి సహింపరానిదాయెను.

1919 మే నెలలో తరంగంబాడియందు ముప్పదిముగ్గురు కూడిరి. ఇద్దరు తప్ప అందరును భారతీయులే. పరిశుద్ధ గ్రంథము, అపొస్తలుల, నికయా విశ్వాసప్రమాణములు, రెండు సంస్కారములు, బిషప్పుల పరంపర, ఈ నాలుగింటిపై ఏకము కాగలమని ప్రకటించిరి. మొదటి మూడింటికి అడ్డు లేదు. నాలుగవదియే చిక్కు. బిషప్పు చేతులు తలపై నుంచని గురువులు నిజమైన గురువులేనా యని ఆంగ్లికనులు సందేహించిరి. మాకు మరల అభిషేకమా యని తక్కినవారు నొచ్చుకొనిరి. పూర్వపు గురువులను ఉన్నవారినున్నట్లే అంగీకరించి, మీదట బిషప్పులచేతనే అభిషేకము జరుపుటకు తుదకు సమ్మతి కుదిరెను. తాము స్వయముగా బిషప్పై యుండియు అజరయ్యగారు దీనికి పాటుపడిరి. 1930లో లండనునందలి లాంబెత్ సభలో దీని తరఫున వాదించిరి. స్వపక్షము వారిని ఒప్పించుట పరపక్షము వారిని ఒప్పించుటకంటె కష్టమని మా యభిప్రాయము.

చర్చలు ఇరువది యారేండ్లు సాగెను. ఈలోగా వారి మండలమున క్రైస్తవులు రెండు లక్షలకు మించిరి. 1945 జనవరి 1న వారు దోర్నకల్లులో ప్రభునందు నిద్రించిరి. ఆ నెలలోనే ఆంగ్లికను మహాసభ ఐక్యతకు సమ్మతి తెలిపెను. 1947 సెప్టెంబరు 27న చెన్నపురిలో దక్షిణ ఇండియా సంఘము వెలసెను. అందు మొదటినుండియు చేరిన మండలములలో దోర్నకల్లు ఒకటి.