గిన్నెడు భోజనం... గుప్పెడు కబుర్లు

వయసు మీద పడ్డాక మనిషికి అన్నిటికంటే భయం దేనికి? జబ్బుకా? చావుకా? ఏ పెద్దావిడనైనా కాస్త కదిపి చూడండి. మంచాన పడి ఒకరికి బరువవుతానేమోనన్నదే అసలు భయమని తెలుస్తుంది. తన ఇల్లు, తన వంటగిన్నెలు, రోజూ కూచునే తన కిటికీ వదిలేసి ఎక్కడికో పోవాల్సి వస్తుందేమోనన్న బెంగ అది. ఆ బెంగకి మందు ఏ డాక్టరు దగ్గరా దొరకదు. ఆ మందు ఇల్లాళ్ళ చేతుల్లో ఉందని కనిపెట్టి, లక్షలమంది చేత దాన్ని ఇంటింటికీ పంచిపెట్టించిన మహిళ ఒకరున్నారు. ఆమే ఇంగ్లండుకు చెందిన లేడీ రీడింగ్.

ఆమె అసలు పేరు స్టెల్లా షార్నో. 1894 జనవరి 6న టర్కీలోని కాన్‌స్టాంటినోపుల్‌లో, అంటే ఇప్పటి ఇస్తాంబుల్‌లో పుట్టారు. తండ్రి అక్కడ పొగాకు వ్యాపార సంస్థలో పెద్ద ఉద్యోగి. చిన్నప్పుడు స్టెల్లాకి వెన్నునొప్పి. ఎప్పుడూ ఏదో ఒక నలత. అందుకే చదువంతా ఎక్కువగా ఇంట్లోనే సాగింది. మంచం మీద పడి ఉండటమంటే ఏమిటో, ఎవరైనా వచ్చి నాలుగు మాటలు మాట్లాడితే ప్రాణం ఎలా లేచొస్తుందో ఆ పసితనంలోనే ఆమెకి తెలిసి ఉంటుంది.

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో రెడ్‌క్రాస్‌లో పనిచేశారు. తర్వాత సెక్రటరీ పని నేర్చుకుని తన కాళ్ళ మీద తాను నిలబడ్డారు. ఆ పనే ఆమెను మన దేశానికి తీసుకొచ్చింది.

ఢిల్లీలో సెక్రటరీ

1921 నుంచి 1926 దాకా మన దేశానికి వైస్రాయిగా ఉన్నది లార్డ్ రీడింగ్. ఆయన భార్య ఆలిస్ ఆరోగ్యం అంతంతమాత్రం. అయినా మన ఆడవాళ్ళకీ పిల్లలకీ ఆస్పత్రుల కోసం ఆవిడ చాలా పాటుపడ్డారు. ఆవిడకి సహాయంగా 1925లో ఢిల్లీ వచ్చారు స్టెల్లా. ఉత్తరాలు రాయడం, ఎవరిని ఎప్పుడు కలవాలో చూడటం, ఏ పని ఎవరికి అప్పజెప్పాలో ఆలోచించడం... అంత పెద్ద వ్యవహారాన్ని ఓ పద్ధతిలో పెట్టడం ఆమెకి అక్కడే అబ్బింది. లార్డ్ రీడింగ్ ఇంగ్లండు తిరిగి వెళ్ళాక కూడా ఆయన దగ్గరే సెక్రటరీగా కొనసాగారు.

1930లో ఆలిస్ చనిపోయారు. మరుసటి ఏడాది లార్డ్ రీడింగ్ స్టెల్లాని పెళ్ళి చేసుకున్నారు. అప్పటికి ఆయనకి డెబ్భై ఏళ్ళు, ఆమెకి ముప్ఫై ఏడు! లోకం ఊరుకుంటుందా? చెవులు కొరుక్కునే ఉంటుంది. ఆ కాపురం నాలుగేళ్ళే. 1935 చివర్లో ఆయన పోయారు. నలభై ఒక్క ఏళ్ళకే వితంతువు. పిల్లల్లేరు. బిరుదు ఉంది, డబ్బుంది. తీరిగ్గా కూచుని పాత జ్ఞాపకాలు నెమరేసుకోవడానికి కావలసినవన్నీ ఉన్నాయి. ఆమె మాత్రం అలా కూచోలేదు.

బిరుదు పక్కన పెట్టి అమెరికా వెళ్ళి, చవక బసల్లో ఉంటూ ఊళ్ళు తిరిగి మామూలు జనం ఎలా బతుకుతున్నారో చూసొచ్చారు. అంతకు ముందే, 1932 నుంచే, ఇంగ్లండులో పనులు లేక అల్లాడుతున్న కుటుంబాలకి బట్టలు సేకరించి పంచే సంఘాన్ని నడిపిన అనుభవం ఆమెకి ఉంది.

పది లక్షల ఇల్లాళ్ళు

1938లో మళ్ళీ యుద్ధం వస్తుందన్న భయం పట్టుకుంది. ఆకాశం నుంచి బాంబులు పడితే ఏం చేయాలో ఆడవాళ్ళకి నేర్పాలి. అందుకోసం ఓ సంస్థ పెట్టమని అప్పటి హోంమంత్రి శామ్యూల్ హోర్ ఆమెను అడిగారు. అలా పుట్టింది మహిళా స్వచ్ఛంద సేవా సంస్థ. అందరూ పొడి అక్షరాలతో డబ్ల్యూవీఎస్ అనేవారు.

లేడీ రీడింగ్ చేసిన తెలివైన పనేమిటంటే, ఆడవాళ్ళకి కొత్తగా ఏదో నేర్పాలని చూడలేదు. వాళ్ళకి వచ్చిన పనే చేయించారు. వండటం, కుట్టడం, పిల్లల్ని సముదాయించడం, ఏడ్చేవాళ్ళ పక్కన కూచోవడం. ఇంట్లో లెక్కలోకి రాని ఈ పనులే ఊరికి ఎంత అవసరమో చూపించారు. రోజంతా ఇవ్వగలిగినవాళ్ళు రోజంతా, వారానికి రెండు గంటలే కుదిరేవాళ్ళు ఆ రెండు గంటలే. జీతాల్లేవు. సైన్యంలో మాదిరి హోదాల్లేవు. ఆకుపచ్చ కోటు, బీట్‌రూట్ రంగు స్వెట్టరు యూనిఫాం. అదీ చాలామంది ఎవరి డబ్బుతో వాళ్ళు కొనుక్కున్నదే.

1939లో యుద్ధం మొదలవగానే పట్నాల నుంచి పల్లెలకి పదిహేను లక్షల మందిని తరలించారు. అందులో ఎక్కువమంది పిల్లలు. వాళ్ళని రైళ్ళెక్కించడం, కొత్త ఇళ్ళలో చేర్చడంలో ఈ ఆకుపచ్చ కోట్ల ఆడవాళ్ళదే పెద్ద చెయ్యి. 1940లో విమానాల తయారీకి అల్యూమినియం కావాలంటూ లేడీ రీడింగ్ రేడియోలో అడిగితే, ఇంటింటి నుంచీ గిన్నెలూ మూకుళ్ళూ గుట్టలుగా వచ్చిపడ్డాయి. యుద్ధకాలంలో సభ్యుల సంఖ్య పది లక్షలకు చేరింది. బాంబుల మధ్య టీ కప్పులందిస్తూ, సేవ చేస్తూ ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళే రెండొందల మందికి పైగా ఉన్నారు.

చంటిపిల్లల బండిలో భోజనం

ఆ గొడవలో పెద్దవాళ్ళని పట్టించుకున్నదెవరు? కొడుకులు యుద్ధానికి పోయారు. కూతుళ్ళు ఫ్యాక్టరీల్లో. తిండి సరుకులు రేషను. క్యూలో గంటలకొద్దీ నిలబడే ఓపిక ముసలివాళ్ళకెక్కడిది? రొట్టెముక్కా టీ నీళ్ళతో సరిపెట్టుకునేవాళ్ళు ఎందరో. అటువంటివాళ్ళ కోసం 1943లో లండనుకి దగ్గర్లోని హెర్ట్‌ఫర్డ్‌షైర్ ప్రాంతంలో డబ్ల్యూవీఎస్ ఆడవాళ్ళు ఓ పని మొదలుపెట్టారు. వేడివేడిగా వండిన భోజనం సరాసరి ఇంటికి పట్టుకెళ్ళి ఇవ్వడం. కార్లకి పెట్రోలు దొరకని రోజులు. చంటిపిల్లల్ని తోసుకెళ్ళే పాత బండ్లలో గిన్నెలు సర్దుకుని, చల్లారకుండా చుట్టూ ఎండుగడ్డి కూరి, ఇల్లిల్లూ తిరిగారు. చక్రాల మీద భోజనం అని దానికి పేరొచ్చింది. ఆ మీల్స్ ఆన్ వీల్స్ అన్న పేరు తర్వాత ఎన్నో దేశాలకి పాకింది.

యుద్ధం ముగిశాక, ఇక ఈ సంస్థ ఎందుకన్న ప్రశ్న వచ్చింది. లేడీ రీడింగ్ చూపు మాత్రం ఒంటరిగా మిగిలిన ముసలివాళ్ళ మీద పడింది. అంతవరకూ చేతకానివాళ్ళకి దిక్కు పాతకాలపు అనాథాశ్రమాలే. ఆ పేరు చెబితేనే పెద్దవాళ్ళు వణికిపోయేవారు. 1948లో వచ్చిన కొత్త చట్టంలో ఓ వెసులుబాటు దొరికింది. ముసలివాళ్ళకి భోజనం పెట్టే స్వచ్ఛంద సంస్థలకి మునిసిపాలిటీలు డబ్బు సాయం చేయవచ్చన్నారు. మునిసిపాలిటీలు తామే స్వయంగా ఆ భోజనం పెట్టే అధికారం 1962 దాకా రాలేదు. అంటే పధ్నాలుగేళ్ళ పాటు ఆ బరువు మోసింది చాలావరకు ఈ ఇల్లాళ్ళే!

ఎక్కడో ఓ స్కూలు వంటగదిలో వంట. అక్కడి నుంచి ఇద్దరిద్దరు ఆడవాళ్ళు గిన్నెలు తీసుకుని బయల్దేరతారు. ఒకరు కారు నడుపుతారు, ఒకరు తలుపు తడతారు. తినే పెద్దావిడ కొద్ది పెన్నీలు ఇస్తుంది. మిగతాది మునిసిపాలిటీ భరిస్తుంది. ఆ పెన్నీలు ఎందుకు తీసుకోవడం, ఉచితంగా పెట్టకూడదా అనిపిస్తుంది కదూ? అక్కడే ఉంది కిటుకు. డబ్బిచ్చి తినేది ముష్టి కాదు. కొనుక్కున్న భోజనం. తలెత్తుకుని తినచ్చు.

ఇందులో లోటు లేకపోలేదు. చాలాచోట్ల వారానికి రెండు రోజులే భోజనం వచ్చేది. మిగతా రోజుల మాటేమిటని అడిగినవాళ్ళున్నారు. ఆ మాట నిజమే. కానీ ఆ రెండు రోజులూ తలుపు తట్టిన మనిషి గిన్నె అక్కడ పెట్టి వెళ్ళిపోదు. పొయ్యిలో బొగ్గుందా, కాలి వాపు తగ్గిందా, కూతురు ఉత్తరం రాసిందా అని కనుక్కుంటుంది. తలుపు తీయకపోతే కంగారుపడుతుంది, పక్కింటివాళ్ళని పిలుస్తుంది. ఎన్ని ప్రాణాలు అలా నిలబడ్డాయో ఎవరు లెక్కపెట్టారు?

ఇంటికి భోజనం ఒక్కటే కాదు. కాలు కదిపి నాలుగడుగులు వేయగలిగినవాళ్ళ కోసం ఊరూరా క్లబ్బులు పెట్టారు. పాత ఇంగ్లీషు పద్యంలోని అన్యోన్య దంపతుల పేరు మీద వాటిని డార్బీ అండ్ జోన్ క్లబ్బులన్నారు. వారానికోసారి మంచి బట్టలేసుకుని అక్కడికి రావడం, టీ తాగడం, పేకాడుకోవడం, పాటలు పాడుకోవడం. ఎవరి కోసమో ముస్తాబవ్వాలన్న కోరిక చచ్చిపోకుండా ఉంటే మనిషికి సగం రోగం తగ్గినట్టే. కదల్లేనివాళ్ళ ఇంటికి పుస్తకాలు మోసుకెళ్ళేవారు. ఆస్పత్రి మంచాల మధ్య సబ్బులూ బిస్కెట్లూ ఉన్న బండి తోసుకుంటూ తిరిగేవారు.

పెద్దల సభలో

బ్రిటిష్ పార్లమెంటులో ప్రభువుల సభ ఉంది. శతాబ్దాలుగా అక్కడ కూచునే హక్కు మగవాళ్ళకే. 1958లో చట్టం మారింది. ఆ ఏడాది అక్టోబరు 21న ఆ సభలో మొట్టమొదటిసారిగా స్త్రీలు అడుగుపెట్టినప్పుడు, అందరికంటే ముందు ఆసనం స్వీకరించింది ఈ స్టెల్లాయే. భర్త నుంచి వచ్చిన బిరుదు ఎలాగూ ఉంది. కానీ ఈసారి బారోనెస్ స్వాన్‌బరో అన్న పేరుతో, సొంతంగా సంపాదించుకున్న గౌరవంతో లోపలికెళ్ళారు. ఒకప్పుడు ఒకరి ఉత్తరాలు టైపు చేసిన చేతులవి!

1966లో రాణి ఆమె సంస్థకి రాయల్ అన్న గౌరవం ఇచ్చారు. మొదలుపెట్టిన రోజు నుంచి ఊపిరున్నంతవరకూ ఆ సంస్థ పగ్గాలు ఆమె చేతిలోనే ఉన్నాయి. 1971 మే 22న, 77వ ఏట, లేడీ రీడింగ్ కన్నుమూశారు.

సంస్థ మాత్రం ఆగలేదు. మగవాళ్ళూ చేరారు. 2013లో పేరులోంచి మహిళా అన్న మాట తీసేసి రాయల్ వాలంటరీ సర్వీస్ అన్నారు. 2020లో కరోనా వచ్చి పెద్దవాళ్ళు గడప దాటలేనప్పుడు, మందులు తెచ్చిపెట్టడానికీ ఫోనులో పలకరించడానికీ మనుషులు కావాలని పిలుపొచ్చింది. కొద్ది రోజుల్లోనే ఏడున్నర లక్షల మంది పేర్లిచ్చారు. ఆ పనంతా నడిపించే బాధ్యత పడింది కూడా ఈ సంస్థ మీదే.

ఆమె చేసినదాంట్లో గొప్ప రహస్యమేమీ లేదు. వాళ్ళింట్లోనే వాళ్ళని ఉండనివ్వడం, వాళ్ళ చేతనైన పని వాళ్ళనే చేసుకోనివ్వడం, చేతకానిదాంట్లో చెయ్యందించడం. దాంతోపాటు ఓ పలకరింపు. పిల్లలు అమెరికాలోనో హైదరాబాదులోనో ఉండి, తాళం వేసిన గదుల మధ్య ఇద్దరే మిగిలిన ఇళ్ళు ఇప్పుడు మన ఊళ్ళలోనూ ఎన్నో. వాళ్ళకి డబ్బు అక్కర్లేకపోవచ్చు. బ్యాంకు ఫారం నింపిపెట్టే మనిషి, డాక్టరు దగ్గరికి తోడొచ్చే మనిషి, నిన్న కనిపించలేదేం మామ్మగారూ అని అడిగే మనిషి కావాలి.

వారానికి రెండు గంటలు. పది లక్షల మంది ఇల్లాళ్ళు అలా మొదలుపెట్టినవాళ్ళే. మన వీధిలో అయితే నలుగురు చాలు.