అధ్యక్షుడి గుమ్మం దగ్గర ఫ్రెడరిక్ డగ్లస్

పెద్ద నాయకుడి అపాయింట్‌మెంట్ దొరికితే సగం పని అయిపోయినట్టే అనుకుంటాం. శాలువా కప్పుతాం, వినతిపత్రం ఇస్తాం, ఫొటో దిగుతాం. ఆ పత్రం తర్వాత ఏమైందో చాలాసార్లు ఎవరికీ తెలియదు. అమెరికా నల్లజాతి నాయకుడు ఫ్రెడరిక్ డగ్లస్ జీవితాన్ని ఈ కోణంలో చదివితే మనకు పనికొచ్చే పాఠాలు దొరుకుతాయి. ఆ దేశంలో బానిసత్వం రద్దు కోసం పోరాడిన వారిని గౌరవిస్తూ జోతిరావు ఫూలే 1873లో తన 'గులాంగిరి'ని అమెరికా ప్రజలకు అంకితమిచ్చారు. కాబట్టి ఆ పోరాటం మనకు పరాయిది కాదు.

డగ్లస్ 1818లో మేరీల్యాండ్ రాష్ట్రంలో బానిసగా పుట్టారు. పుట్టిన తేదీ కూడా ఆయనకు తెలియదు. బాల్టిమోర్‌లో యజమానురాలు అక్షరాలు నేర్పడం మొదలుపెడితే ఆమె భర్త ఆపించాడు. మిగతాది ఆయన దొంగచాటుగా నేర్చుకున్నారు. 1838లో నావికుడి వేషంలో, వేరొకరి కాగితాలు పట్టుకుని, రైలెక్కి పారిపోయారు. 1845లో ఆత్మకథ రాశారు. 1847లో సొంత పత్రిక పెట్టారు.

అంతర్యుద్ధంలో నల్లవారిని సైన్యంలో చేర్చుకోవాలని పట్టుబట్టిన వారిలో ఆయన ముందున్నారు. ఆయన ఇద్దరు కొడుకులు కూడా చేరారు. తీరా చూస్తే తెల్ల సైనికుడికి నెలకు 13 డాలర్లు, పైగా బట్టలు. నల్ల సైనికుడికి 10 డాలర్లు, అందులోనూ బట్టలకని 3 డాలర్లు కోత. పదోన్నతులు లేవు. శత్రువుకు చిక్కితే చంపడమో, మళ్లీ బానిసను చేయడమో. ఈ మూడు విషయాలు అడగడానికే 1863 ఆగస్టు 10న డగ్లస్ వాషింగ్టన్‌లో అబ్రహాం లింకన్ దగ్గరికి వెళ్లారు.

ముందుగా అపాయింట్‌మెంట్ లేదు. కాన్సాస్ సెనేటర్ పామరాయ్ వెంట వచ్చారు. మెట్ల నిండా పనుల కోసం వచ్చిన తెల్లవారే. డగ్లస్ తన పేరున్న కార్డు లోపలికి పంపారు. కనీసం సగం రోజైనా ఆగాల్సి వస్తుందనుకుంటే కొద్ది నిమిషాల్లోనే పిలుపు వచ్చింది. మెట్ల మీద కొందరు గొణుక్కున్నారు. లింకన్ లేచి మర్యాదగా పలకరించారు, విన్నారు. జీతం విషయంలో మాత్రం ఓపిక పట్టమన్నారు. డగ్లస్ పూర్తిగా ఒప్పుకోలేదు, అయినా సైనికులను చేర్చే పని ఆపలేదు. సమాన జీతం చట్టం 1864 జూన్‌లో వచ్చింది. యుద్ధ శాఖ మంత్రి స్టాంటన్ ఆయనకు మాట ఇచ్చిన సైనికాధికారి పదవి మాత్రం ఎప్పటికీ రాలేదు.

1864 ఆగస్టులో లింకనే కబురు పంపారు. తాను ఎన్నికల్లో ఓడిపోయేలోగా దక్షిణాది బానిసలను వీలైనంత మందిని బయటికి రప్పించే పథకం కావాలన్నారు. ఆ మాటలు సాగుతున్నంతసేపూ కనెక్టికట్ గవర్నర్ బయట వేచి ఉన్నారు. ఆ రోజుల్లోనే లింకన్ తన విడిదికి టీకి రమ్మని బండి కూడా పంపారు. అదే సాయంత్రం డగ్లస్ ఒక సభలో మాట్లాడతానని మాట ఇచ్చి ఉన్నారు. సభకే వెళ్లారు. ఆ టీ పోగొట్టుకున్నందుకు తర్వాత బాధపడ్డారు కూడా.

1865 మార్చి 4న, లింకన్ రెండోసారి ప్రమాణం చేసిన సాయంత్రం, విందుకు వెళ్లిన డగ్లస్‌ను పోలీసులు గుమ్మంలో ఆపేశారు. నల్లవారిని రానివ్వొద్దని ఉత్తర్వులున్నాయన్నారు. లోపలికి తీసుకెళ్తున్నట్టు నటించి, బయటికి పోయే దారిలోకి నడిపించారు. మోసం గ్రహించిన డగ్లస్ కదలకుండా నిలబడి, లోపలికి వెళ్తున్న ఒకరి ద్వారా లింకన్‌కు కబురు పంపారు. క్షణాల్లో ద్వారం తెరుచుకుంది. లింకన్ అందరూ వినేలా ఆయన్ను మిత్రుడని పిలిచి, తన ప్రసంగం మీద అభిప్రాయం అడిగారు. నల్లవారిని ఆపమన్న ఉత్తర్వు అసలు లేనే లేదని తర్వాత తేలింది. అది పోలీసుల అలవాటు.

లింకన్ తర్వాత వచ్చిన ఆండ్రూ జాన్సన్‌ను 1866 ఫిబ్రవరిలో డగ్లస్ బృందం కలిసింది. ఓటు హక్కు అడిగింది. జాన్సన్ చాలాసేపు తానే మాట్లాడి, కాదనేశారు. వాళ్లు మౌనంగా ఇంటికి పోలేదు. తమ జవాబును పత్రికల్లో అచ్చువేయించారు. నల్లజాతి మగవారికి ఓటు 1870లో రాజ్యాంగ సవరణతో వచ్చింది.

1877లో అధ్యక్షుడు హేస్ ఆయన్ను వాషింగ్టన్ మార్షల్‌గా నియమించారు. వైట్‌హౌస్ విందుల్లో అధ్యక్షుడి పక్కన నిలబడి అతిథులను పరిచయం చేయడం మార్షల్‌కు ఆనవాయితీ. డగ్లస్ వచ్చాక ఆ పని మార్షల్‌కు లేకుండా చేశారు. పదవి ఇచ్చారు, పక్కన నిలబడే చోటు ఇవ్వలేదు. అదే వసంతంలో దక్షిణాదిలో నల్లవారికి అండగా ఉన్న సైన్యాన్ని హేస్ వెనక్కి తీశారు. డగ్లస్ రాజీనామా చేయాల్సిందని సొంత జాతివారే విమర్శించారు. అది చట్టంలో లేని ఆనవాయితీ మాత్రమేనని ఆయన సమర్థించుకున్నారు. ఆ సమర్థన నేటికీ పూర్తిగా ఒప్పించదు. ఒకప్పుడు గుమ్మంలో ఆపితే కదలని మనిషి, ఈసారి గుమ్మం లోపల జరిగిన అవమానాన్ని మింగారు.

డగ్లస్ 1895లో కన్నుమూశారు. అధ్యక్షుల ముందు ఆయన నిలబడిన సందర్భాల్లో ఫలితం ఇచ్చినవి ఏవో గమనించండి. చేతిలో స్పష్టమైన కోరిక, వెనక కదిలే జనం, కాదంటే బయటికొచ్చి చెప్పే ధైర్యం ఉన్నప్పటివే. పదవి మాత్రమే ఉన్న రోజు ఆయనంతటి వారికి కూడా మౌనమే మిగిలింది. ఈసారి వినతిపత్రం పట్టుకుని వెళ్లే ముందు, కాదంటే మర్నాడు ఏం చేస్తామో కూడా రాసి పెట్టుకుందాం.