కౌలు రైతుల నేత మైకేల్ డేవిట్

కౌలు సమస్య మీద ఊళ్ళలో మాట్లాడేటప్పుడు మేము ఐర్లాండు నాయకుడు మైకేల్ డేవిట్ కథ చెబుతుంటాం. ఆయన 1846లో మేయో జిల్లా స్ట్రేడ్‌లో చిన్న కౌలు రైతు ఇంట పుట్టాడు. బంగాళదుంప పంట కుళ్ళిపోయి లక్షలాది జనం ఆకలితో చచ్చిన రోజులవి. కౌలు బాకీ పడ్డారని 1850లో ఆ కుటుంబాన్ని బేదఖలు చేశారు. పొట్ట చేత పట్టుకుని వాళ్ళు ఇంగ్లాండు పోయారు. అక్కడ నూలు మిల్లులో పనిచేస్తూ పదకొండేళ్ళకే డేవిట్ కుడిచేయి పోగొట్టుకున్నాడు. పరిహారం ఇచ్చిన నాథుడు లేడు.

పెద్దయ్యాక దేశ స్వాతంత్ర్యం కోసం రహస్య ఉద్యమంలో చేరాడు. 1870లో 15 ఏళ్ళ కఠిన శిక్ష వేశారు. ఏడేళ్ళు అనుభవించి 1877లో బయటికొచ్చాడు.

అప్పటి కౌలు పద్ధతి మనకు కొత్తేమీ కాదు. చాలామంది భూస్వాములు ఊళ్ళో ఉండరు. పెత్తనమంతా ఏజెంటుది. ఎక్కువమంది రైతుల చేతిలో కాగితం లేదు, ఏడాదికేడాది నోటిమాటే. రైతు కాలవ తవ్వి, రాళ్ళేరి చేను బాగు చేస్తే, చేను బాగుందని చెప్పి కౌలు పెంచేవాళ్ళు. కట్టలేకపోతే వెళ్ళగొట్టేవాళ్ళు.

1879లో పంటలు పోయాయి, ధరలు పడిపోయాయి. ఏప్రిల్‌లో ఐరిష్‌టౌన్‌లో వేలాది రైతులతో సభ జరిగింది. ఏర్పాట్లలో డేవిట్‌ది ముఖ్యపాత్ర. దాంతో అక్కడి ఎస్టేటులో కౌలు నాలుగోవంతు తగ్గించారు. అక్టోబరులో లాండ్ లీగ్ ఏర్పడింది. న్యాయమైన కౌలు, సాగులోంచి తీసెయ్యని హామీ, కౌలు హక్కు అమ్ముకునే స్వేచ్ఛ - ఈ మూడూ దాని కోర్కెలు.

1880లో ఎర్న్ ప్రభువు ఏజెంటు కెప్టెన్ బాయ్‌కాట్ బేదఖళ్ళకు దిగాడు. ఊరంతా ఒక్కటై అతని పొలంలో కోత కొయ్యలేదు, సరుకు అమ్మలేదు. బయటినుంచి వచ్చిన 50 మంది కూలీలకు దాదాపు వెయ్యిమంది సైనికులు, పోలీసులు కాపలా! చివరికి అతను దేశం విడిచి పోయాడు. బాయ్‌కాట్ అనే మాట అలా పుట్టింది. మన పల్లెల్లో పెత్తందార్లు దళితుల మీద వాడే వెలి వేరు, ఇది వేరు. ఇది పైవాడి మీద కిందివాళ్ళు ఎత్తిన ఆయుధం.

1881లో ప్రభుత్వం దిగొచ్చి చట్టం చేసింది. కోర్టు నిర్ణయించిన కౌలును 15 ఏళ్ళదాకా పెంచకూడదు. అప్పటికి డేవిట్‌ను మళ్ళీ జైల్లో పెట్టారు. ఆ చట్టం బాకీపడ్డ రైతుల్ని వదిలేసింది. 1903 చట్టంతో కౌలుదార్లు చాలామంది సొంతదార్లయ్యారు గాని, కూలీలకు భూమి రాలేదు. భూమి జాతి ఆస్తి కావాలన్నది డేవిట్ పట్టు. సొంత సహచరులే దాన్ని ఒప్పుకోలేదు. 1906లో ఆయన చనిపోయాడు.

మన ఆంధ్రలో 1956లో కౌలుదారీ చట్టం, 2019లో సాగుదారుల హక్కుల చట్టం వచ్చాయి. రెండోదానిలో కార్డు కావాలంటే యజమాని సంతకం కావాలని పెట్టారు. ఆ సంతకం కోసం కౌలు రైతు ఒంటరిగా గుమ్మం ముందు నిలబడితే పని జరగదు. కౌలు రైతులూ కూలీలూ కలిసి పోవాలి. కూలీని వదిలేసిన గెలుపు సగం గెలుపేనని కూడా ఐర్లాండు చెబుతోంది.