ఇల్లు విడిచి బొంబాయికి… కుటుంబ చిత్రాల ఎల్.వి. ప్రసాద్

బొంబాయిలోని కామాఠీపురకు ఆ పేరు మనవారి వల్లనే వచ్చింది. నిజాం రాజ్యం నుండి వెళ్లి కట్టడపు పనులు చేసిన తెలుగు కామాఠీలు అక్కడ స్థిరపడ్డారు. ఆ పేటకు చేరువనున్న గిర్గాంలోనే 1913లో ఫాల్కే తీసిన 'రాజా హరిశ్చంద్ర' ప్రదర్శితమైంది. సినిమా బాల్యదశలో ఉన్న ఆ నగరానికి పొట్ట చేతబట్టుకుని చేరిన తెలుగువారిలో అక్కినేని లక్ష్మీవరప్రసాదరావు ఒకరు. ఆయనే ఎల్.వి. ప్రసాద్.

ఏలూరు సమీపంలోని సోమవరప్పాడులో రైతు కుటుంబంలో ఆయన జన్మించారు. చదువుకన్నా నాటకాలపైన, మూగచిత్రాలపైన మక్కువ ఎక్కువ. 1924లో మేనమామ కుమార్తె సౌందర్య మనోహరమ్మతో వివాహమైంది. తండ్రి అప్పుల పాలు కాగా, ఆ అవమానం భరించలేక, వంద రూపాయలతో, ఇంట చెప్పకుండా బొంబాయి రైలెక్కారు. భార్య, పసిబిడ్డ ఊరిలోనే మిగిలిపోయారు.

వీనస్ ఫిల్మ్ కంపెనీలో చిల్లర పనులతో జీవితం మొదలైంది. 1931లో 'ఆలం ఆరా', 'కాళిదాస్', 1932లో 'భక్త ప్రహ్లాద' చిత్రాలలో చిన్న వేషాలు లభించాయి. హిందీ, తమిళ, తెలుగు భాషల తొలి టాకీలు మూడింటిలోనూ నటించిన ఘనత అలా దక్కింది. 'భక్త ప్రహ్లాద' తెలుగు నేలకన్నా ముందు, 1932 ఫిబ్రవరి 6న, బొంబాయిలోని కృష్ణా సినిమాలో విడుదల కావడం విశేషం.

అయితే వేషాలు కడుపు నింపలేదు. కొంతకాలానికి స్వగ్రామం వెళ్లి భార్యను వెంటబెట్టుకుని వచ్చారు. సంసారం పెరిగింది, ఖర్చూ పెరిగింది. డ్రీమ్‌లాండ్ సినిమా హాలులో గేట్‌కీపరుగా చేరారు. ఆ పనిని ఆయన చిన్నతనంగా భావించలేదు. మరోవైపు సహాయ దర్శకుడిగా సినిమా తీసే విద్యను నేర్చుకున్నారు.

'గృహప్రవేశం' (1946) దర్శకుడిగా పేరు తెచ్చింది. 'మనదేశం' (1949)తో ఎన్.టి. రామారావును తెరకు పరిచయం చేశారు. 'సంసారం', 'పెళ్లిచేసి చూడు', 'మిస్సమ్మ' ఇంటిల్లిపాదినీ అలరించాయి. ఒకనాడు ఇల్లు విడిచిన యువకుడే తెలుగింటి సుఖదుఃఖాలను తెరపై నిలిపాడు. 'శారద', 'ఖిలోనా' వంటి హిందీ చిత్రాలతో బొంబాయిలోనూ గౌరవం పొందారు.

1982 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం లభించింది. సంపాదనలో కొంత హైదరాబాదులో కంటి ఆసుపత్రికి దానమిచ్చారు. 1987లో ప్రారంభమైన ఆ సంస్థ నేటికీ ఆయన పేరుతోనే వేలాదిమందికి చూపునిస్తోంది. 1994 జూన్ 22న ఆయన కన్నుమూశారు.

పనికోసం పరాయి ఊరు వెళ్లేవారు మన పల్లెలలో ఇంటికొకరున్నారు. ఏ పనీ తక్కువది కాదనీ, విడిచి వచ్చిన ఇంటిని మరువరాదనీ ఆయన జీవితం వారికి బోధిస్తుంది.